కాయిల్‌లో కాకిబంగారం

మన మెకానిక్కుల భాషలో నాకు బాగా ఇష్టమైన మాట "మిస్సింగ్". "బండి మిస్సింగ్ కొడతా ఉంది సార్" అంటారు. ఇంగ్లీషువాళ్ళు మిస్‌ఫైర్ అనేదాన్ని మనవాళ్ళు అలా కుదించుకున్నారు. వినడానికి ఏదో తప్పిపోయినట్టు ఉంటుంది. నిజానికి జరిగేదీ అదే. నాలుగు సిలిండర్లు వరసగా మండాల్సిన చోట ఒకటి మండకుండా ఊరుకుంటుంది. నాలుగు కాళ్ళ మంచానికి ఒక కాలు పొట్టిదైనట్టు ఇంజన్ ఊగిసలాడుతుంది.

ఈ మిస్సింగ్‌కి ఎక్కువసార్లు కారణమయ్యే ఇగ్నిషన్ కాయిల్ చరిత్ర గురించి రాద్దామని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఇప్పటిదాకా నేను చదివినవన్నీ నిప్పురవ్వ చరిత్రలే. ఎవరు ఎంత పొడుగు రవ్వ పుట్టించారు, ఎవరికి ఏ బహుమతి వచ్చింది, ఇవే. రవ్వ పుట్టించడం కన్నా అది పక్కదారి పట్టకుండా ఆపడం కష్టం. ఆపే సరుకు ఏమిటి, ఎక్కడిది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అన్న సంగతి ఎక్కడో అడుగున ఒక వాక్యంగా ఉంటుంది. నా ఆసక్తంతా ఆ వాక్యం మీద. దానికి నా సొంత కారణం ఒకటుంది, అక్కడికి వస్తాను.

ముందు కారు సంగతి. 2024 అక్టోబరులో, హెలీన్ తుపాను వచ్చి వెళ్ళిన రెండు వారాలకి మా కారుకి మిస్సింగ్ మొదలైంది. నాలుగు సిలిండర్లు, లక్షా నలభై వేల మైళ్ళు తిరిగిన బండి. క్యారీలో వీధుల్లో నెమ్మదిగా పోతున్నంతసేపు ఏమీ తెలిసేది కాదు. హైవే ఎక్కడానికి ర్యాంపు మీద యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం వణుకు, దాంతోపాటు చెక్ ఇంజన్ లైటు మిణుకుమనడం. ఈ లైటు నిలకడగా వెలగడం వేరు, మిణుకుమనడం వేరు. మిణుకుమంటే మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి, అక్కడున్న క్యాటలిటిక్ కన్వర్టర్‌ని వేడెక్కించి పాడుచేస్తోందని అర్థం. కాయిల్ ఖరీదు కన్నా కన్వర్టర్ ఖరీదు చాలా రెట్లు ఎక్కువ కాబట్టి లైటు మిణుకుమంటే ఆ రోజే చూసుకోవాలి. పైగా అప్పుడు మా వేక్ కౌంటీలో ఏడాదికోసారి ఎమిషన్స్ ఇన్‌స్పెక్షన్ ఉంది. చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంటే పాసవదు. పాసవకపోతే రిజిస్ట్రేషన్ రెన్యూ అవదు. మాకు ఆ నెలాఖరే గడువు.

అమెరికాలో 1996 నుంచి అమ్మిన ప్రతి కారుకీ స్టీరింగ్ కింద ఒక ప్లగ్గు ఉంటుంది, ఓబీడీ-టూ అంటారు. ఇరవై డాలర్ల రీడరు గుచ్చితే కోడ్ చెప్తుంది. నాకు వచ్చింది పి0303. చివరి అంకె సిలిండర్ నంబరు, అంటే మూడోది మిస్సవుతోంది. కంప్యూటర్‌కి ఇది ఎలా తెలుస్తుందంటే, సిలిండర్ మండిన ప్రతిసారీ క్రాంక్‌షాఫ్ట్‌కి ఒక చిన్న తోపు వస్తుంది. తోపు రావాల్సిన క్షణంలో రాకపోతే షాఫ్ట్ కొద్దిగా వెనకబడుతుంది. ఆ వెనకబాటుని లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. వరసలో నడిచే మనుషుల్లో ఎవరి అడుగు తప్పిందో చూసే డ్రిల్లు మాస్టారు పని.

అయితే కోడ్ చెప్పేది ఎక్కడో మాత్రమే, ఎందుకో చెప్పదు. స్పార్క్ ప్లగ్గు అరిగి ఉండొచ్చు, ఇంజెక్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, సిలిండర్‌లో కంప్రెషన్ పోయి ఉండొచ్చు, కాయిల్ పోయి ఉండొచ్చు. తేల్చడానికి ఒక నాటు పద్ధతి ఉంది, ఖర్చు లేనిది. ఇంజన్ చల్లారాక పై మూత తీసి, మూడో సిలిండర్ కాయిల్ ఊడదీసి ఒకటోదానికి పెట్టాలి, ఒకటోదాన్ని మూడోదానికి. ఒక్కొక్కదానికి ఒకే బోల్టు, ఒక కనెక్టర్. కనెక్టర్ మీదుండే చిన్న గొళ్ళెం పాతబడి పెళుసుగా ఉంటుంది, అదొక్కటీ జాగ్రత్త. కోడ్ చెరిపేసి మళ్ళీ అదే ర్యాంపు ఎక్కాలి. నాకు ఈసారి పి0301 వచ్చింది. జబ్బు కాయిల్‌తోపాటు జరిగింది, అంటే జబ్బు కాయిల్‌లోనే ఉంది. కోడ్ మూడు దగ్గరే ఆగిపోయి ఉంటే ప్లగ్గు మార్చి చూసేవాణ్ణి, ఆ తర్వాత ఇంజెక్టర్.

కొత్తది పెట్టడం పది నిమిషాల పని. అంత లోపలికి వెళ్ళాం కదా అని నాలుగు ప్లగ్గులూ మార్చాను. అరిగిన ప్లగ్గులో సందు పెరుగుతుంది. సందు పెరిగితే కాయిల్ ఇంకా ఎక్కువ వోల్టేజి ఇవ్వాల్సి వస్తుంది, దాంతో కొత్త కాయిల్ కూడా తొందరగా అలసిపోతుంది. ప్లగ్గు దిగే గుంటలో ఇంజనాయిలు చేరిందేమో కూడా టార్చి వేసి చూడాలి. పై గాస్కెట్ కారుతుంటే ఆ నూనెలో నానుతూ కాయిల్ అడుగున ఉండే రబ్బరు తొడుగు మెత్తబడి పోతుంది. కోడ్ చెరిపిన మర్నాడే ఇన్‌స్పెక్షన్‌కి వెళ్ళినా లాభం లేదు, కంప్యూటర్ తన సొంత పరీక్షలన్నీ మళ్ళీ పూర్తిచేసుకోవాలి. ఓ వారం మామూలుగా తిప్పాక వెళ్తే పాసయింది.

పాత కాయిల్‌ని హ్యాక్‌సా బ్లేడుతో కోశాను. ఇంజనీరింగ్ చదివిన వాడికి ఇదొక రోగం. మధ్యలో ఇనప రేకుల కడ్డీ, దాని చుట్టూ ఓ మోస్తరు లావు రాగి తీగ కొద్ది చుట్లు, ఆ పైన వెంట్రుక లాంటి తీగ వేల చుట్లు, సందులన్నీ నిండిన గట్టి ఎపాక్సీ. ఆ ఎపాక్సీలో ఒక నల్లటి గీత కనిపించింది, సూదితో గీసినట్టు సన్నంగా. ముప్పై వేల వోల్టులు ప్లగ్గు దాకా పోకుండా అడ్డదారి వెతుక్కున్న చోటు అది. ఒకసారి అలా మాడిన దారిలో బొగ్గు మిగులుతుంది, బొగ్గు కరెంటుని పోనిస్తుంది, తర్వాత రవ్వ ప్రతిసారీ ఆ దారే పడుతుంది. తొక్కేకొద్దీ కాలిబాట అయినట్టు.

వీధిలో బాగుండి ర్యాంపు మీదే ఎందుకు వణికిందో కూడా ఆ గీతే చెప్తుంది. కాయిల్ పని సూటిగా చెప్పాలంటే ఇంతే: లావు తీగలో బ్యాటరీ పన్నెండు వోల్టుల కరెంటు కొన్ని మిల్లీసెకన్లు పారించి టక్కున ఆపుతారు. పోసిన అయస్కాంత బలం కూలిపోతూ ఆ తీగలోనే కొన్ని వందల వోల్టులు పుట్టిస్తుంది, సన్న తీగలో దానికి వంద రెట్లు. మామూలు గాలిలో మిల్లీమీటరు సందు దూకడానికి మూడు వేల వోల్టులు చాలు. సిలిండర్‌లో గాలి అదిమి ఉంటుంది, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా ఎక్కువ గాలి లోపలికి వచ్చి ఇంకా అదుముడుపడుతుంది. ప్లగ్గు సందు దూకడం ఎంత కష్టమైతే ఎపాక్సీలోని పగులు అంత సులువైన దారి అవుతుంది. నేను వేసిన లెక్క ప్రకారం లక్ష మైళ్ళలో ఒక్కో కాయిల్ సుమారు పదిహేను కోట్ల రవ్వలు కొడుతుంది. ఇంజన్ నెత్తిమీద, ఆ వేడిలో కూర్చుని. రాగి అరగదు, ఇనుము అరగదు. ఓడిపోయేది ఎప్పుడూ మధ్యనున్న అడ్డుగోడే.

సిలిండర్‌కొక కాయిల్ ఈ మధ్య వచ్చిన పద్ధతి అనుకుంటాం. సాబ్ కంపెనీ 1980లలో తెచ్చింది, తర్వాత అందరూ అందుకున్నారు. కానీ 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో కూడా నాలుగు సిలిండర్లకు నాలుగు కాయిల్స్ ఉండేవి, డ్రైవరు ఎదురుగా ఒక పెట్టెలో, చిన్న చిన్న చెక్క డబ్బాల్లో. ఒక్కొక్కదాని నెత్తిమీద వణికే రేకు ఒకటి, అది తేనెటీగలా జుయ్యిమంటూ ఉండేది. మిస్సింగ్ వస్తే వేళ్ళతో ఆ రేకుల్ని నొక్కిపట్టుకోవాలి. ఏ రేకు నొక్కినప్పుడు ఇంజన్ చప్పుడులో తేడా రాదో ఆ సిలిండర్ ముందునుంచే చచ్చిందన్నమాట. ఇక అది కాయిలా, ప్లగ్గా అని తేల్చడానికి డబ్బాలు ఒకదాని స్థానంలో ఇంకొకటి పెట్టి చూడ్డమే. నేను ర్యాంపు మీద చేసిన పరీక్షే. కంప్యూటర్ బదులు చెవి. కోటిన్నర మోడల్ టీలు అమ్ముడుపోయాయి కాబట్టి ఈ విద్య అప్పట్లో ఇక్కడి పల్లెటూళ్ళలో రైతులకందరికీ వచ్చి ఉంటుంది. ఆ చెక్క డబ్బాలో తీగల చుట్టూ పోసింది తారు. ఎండకి కరిగేది, చెమ్మకి చెక్క ఉబ్బేది.

మనకు బాగా తెలిసిన పద్ధతి ఈ రెంటికీ మధ్య వచ్చింది. చార్లెస్ కెటరింగ్ అనే ఆయన డేటన్‌లో తయారుచేసి 1910 కాడిలాక్‌లకి ఇచ్చింది. ఒకే కాయిల్, దాని రవ్వని వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్, కరెంటు తెగ్గొట్టే పాయింట్లు, పాయింట్లు మాడకుండా కాపాడే కండెన్సర్. మన అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు ఉన్నది ఇదే. పాయింట్లకి గరుకు కాయితం పెట్టి రుద్దడం, ప్లగ్గు తీసి వైరు బ్రష్షుతో గీకడం చూడకుండా పెరిగిన వాళ్ళు నా ఈడులో తక్కువ. ఆ ప్లగ్గులు మైకోవి, బెంగళూరులో 1951లో మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ పేరులోని ముక్కలు. మా నెల్లూరు వైపు మైకా అన్న మాట ఇంటింటా ఉండేది కాబట్టి మైకో ప్లగ్గు మైకాతో చేసిందేనని చాలామంది లెక్క. పేరు వరకు ఆ లెక్కకి ఆధారం లేదు. ప్లగ్గుల చరిత్రలో మాత్రం ఉంది.

ఆ చరిత్ర కోసం బాగా వెనక్కి పోవాలి. 1831 ఆగస్టు 29న మైకేల్ ఫారడే ఒక ఇనప కడియానికి రెండు వైపులా రెండు తీగలు చుట్టి, ఒకదాంట్లో కరెంటు ఆపినప్పుడు రెండోదాంట్లో కదలిక రావడం చూశాడు. ఆయన దగ్గర తొడుగున్న తీగ లేదు, దుకాణంలో దొరికేది కాదు. చుట్టుకీ చుట్టుకీ మధ్య దారం, పొరకీ పొరకీ మధ్య నూలుగుడ్డ పెట్టి చుట్టాడు. విద్యుత్ యుగం మొత్తానికి మొదటి అడ్డుగోడ ఒక గుడ్డ పీలిక. 1836లో ఐర్లండ్‌లో మేనూత్ కాలేజీలో పాఠాలు చెప్పే నికొలస్ కాలన్ అనే పాదిరీ దీన్ని పెద్దది చేసి మొదటి ఇండక్షన్ కాయిల్ చేశాడు. దాని బలం కొలవడానికి మీటర్లు లేక విద్యార్థులకి షాకులిచ్చి చూసేవాడని చెప్తారు. ఆ పిల్లల మీద నాకు ఇప్పటికీ జాలి.

పేరు దక్కింది మాత్రం పారిస్‌లో పరికరాలు చేసే హైన్రిఖ్ రుమ్‌కార్ఫ్‌కి. జర్మన్, చదువు తక్కువ, చేతిపని గొప్పది. 1851లో పేటెంటు తీసుకున్నాడు. 1853లో ఫిజో అనే శాస్త్రవేత్త దానికి కండెన్సర్ జతచేయమని చెప్పాడు, అంబాసిడర్‌లో ఉన్న కండెన్సర్‌కి అదే ముత్తాత. 1864లో మూడో నెపోలియన్ యాభై వేల ఫ్రాంకుల బహుమతి ఇచ్చాడు. రుమ్‌కార్ఫ్ కాయిల్స్‌లో సన్న తీగ మీద పట్టు, పట్టు మీద లక్క. ఆ లక్క పోయేది మన దేశంనుంచే. చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టే జిగురు పారిస్‌లో చక్రవర్తి బహుమతికి అడ్డుగోడ అయింది.

1860లో లెన్వార్ తన గ్యాస్ ఇంజన్‌ని వెలిగించింది రుమ్‌కార్ఫ్ కాయిల్‌తో. 1885లో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల కారుకి వాడింది కూడా బ్యాటరీ, కాయిలే. బ్యాటరీ తొందరగా అయిపోయేది, అదొక తలనొప్పి. స్టుట్‌గార్ట్‌లో రాబర్ట్ బాష్ వర్క్‌షాపు బ్యాటరీ అక్కర్లేకుండా, ఇంజన్ తిరిగితే దానంతటదే కరెంటు పుట్టించుకునే మాగ్నెటో మీద పట్టు సాధించింది. 1902లో అక్కడి ఇంజనీరు గాట్లోబ్ హోనోల్డ్ దానికి కాయిల్‌ని కూడా కలిపి, స్పార్క్ ప్లగ్గుతో సహా పూర్తి రూపం ఇచ్చాడు. అరచేతిలో పట్టే పెట్టెలో కాయిల్, పాయింట్లు, కండెన్సర్ అన్నీ. ఇంజన్‌కి బిగించి ఉంటుంది కాబట్టి వేడి, వణుకు, నూనె. నూలుగుడ్డ, పట్టు, లక్క, తారు ఏవీ అక్కడ ఎక్కువకాలం నిలబడవు. నిలబడేది ఒకటే దొరికింది. మైకా.

మన భాషలో అభ్రకం. కాకిబంగారం అని కూడా అంటారు, మెరుస్తుంది గాని విలువ లేదన్న వెక్కిరింత ఆ పేరులో ఉంది. ఎంత తప్పు వెక్కిరింతో చూడండి. పల్చటి మైకా రేకు గాలి కన్నా ముప్పై నలభై రెట్లు వోల్టేజి ఆపుతుంది. అయిదారు వందల డిగ్రీల వేడికి చలించదు. నూనె తాగదు, నీళ్ళు తాగదు. అన్నిటినీ మించి, పుస్తకంలో కాగితాల్లా పొరలుగా విడిపోతుంది, ఎంత పల్చగా కావాలంటే అంత. మాగ్నెటో కండెన్సర్లో తగరపు రేకుకీ తగరపు రేకుకీ మధ్య మైకా. ప్లగ్గులో మధ్య కడ్డీ చుట్టూ చుట్టిన మైకా, ఇంగ్లండ్‌లో కేఎల్‌జీ కంపెనీ ఈ మైకా ప్లగ్గులకే పేరు తెచ్చుకుంది, విమానాలకి ఎక్కువగా అవే. ముక్కలూ చెక్కలూ మిగిలితే లక్కతో అంటించి అట్టలుగా చేసి డైనమోలో, సెల్ఫ్ స్టార్టర్‌లో రాగి బద్దల మధ్య పెట్టేవారు.

1914లో యుద్ధం మొదలయ్యేసరికి బ్రిటన్ వాడే మాగ్నెటోలు దాదాపు అన్నీ బాష్‌వే, అంటే శత్రువువి. లారీలకి, ట్రక్కులకి, విమానాలకి మాగ్నెటో పరిశ్రమను ఇంగ్లండ్ మొదటినుంచీ కట్టుకోవాల్సి వచ్చింది. మాగ్నెటోలు చేయడం నేర్చుకోవచ్చు, మైకాని చేయలేం. దానికి గని కావాలి. ప్రపంచంలో మంచి మైకా రేకు అధికభాగం అప్పుడు రెండు చోట్లనుంచి వచ్చేది, రెండూ మన దేశంలోవే. బీహారులో కోడర్మా, హజారీబాగ్ ప్రాంతం, అక్కడిది కెంపు రంగు. రెండోది మద్రాసు రాష్ట్రంలో నెల్లూరు జిల్లా, అక్కడిది ఆకుపచ్చ. గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి తాలూకాలు.

నా సొంత కారణం ఇదే. మా జేజి గూడూరు దగ్గర మైకా షెడ్డులో రేకులు చీల్చేది.

ఈ సంగతి నాకు చిన్నప్పటినుంచీ తెలుసు, కానీ ఎవరి తాత ఏ పొలంలో పనిచేశాడో తెలిసినట్టు తెలుసు, అంతే. కాయిల్ కోసిన వారం అమ్మకి ఫోన్ చేసినప్పుడు అడిగాను.

"ఎందుకబ్బయా ఇప్పుడది?" అంది ముందు. తర్వాత చెప్పింది. "రాయి మాదిరి దిమ్మ తెచ్చి పడేసేవాళ్ళంట. కత్తి మొన గుచ్చి పొర లేపేది మీ జేజి. లేచినదాన్ని మళ్ళీ రెండుగా, దాన్ని మళ్ళీ రెండుగా. ఇంక చీలదు అనేదాకా. నేను కాపురానికొచ్చినాక కూడా రెండు మూడేళ్ళు పోయింది."

"కూలి ఎట్లా ఇచ్చేవాళ్ళు?"

"తూకానికి. ఆడనే ఉంది మెలిక. పల్చగా చీలిస్తే తూకం రాదు. మందంగా చీలిస్తే మేస్త్రీ ఎత్తి పారేస్తాడు. అత్తమ్మ ఆ మాట చెప్పి నవ్వేది."

ఎక్కడికి పోతుందో జేజికి తెలుసా అని అడిగితే, "సీమకి పోతుందని మాత్రం తెలుసు. సీమవాళ్ళు దాంతో ఏం చేస్తారో నీకు తెలిస్తే నువ్వు చెప్పు" అంది. కండెన్సర్ గురించి రెండు నిమిషాలు చెప్పాను. అమ్మ ఓపిగ్గా వింది.

కండెన్సర్‌కి కావాల్సిన రేకు మందం తల వెంట్రుకలో సగం. రేకంతా ఒకే మందం ఉండాలి, మచ్చ ఉండకూడదు, గీత పడకూడదు. చేతి కన్నా బాగా ఈ పని చేసే మిషను అప్పట్లో ఎవరూ చేయలేకపోయారు. విమానం ఇంజన్ రెండున్నర మైళ్ళ ఎత్తులో మిస్సవకుండా తిరగడానికి అడ్డుగోడ, షెడ్డులో నేలమీద కూర్చున్న ఆడమనిషి వేలికొసల్లో తేలేది. రెండో యుద్ధం నాటికి దీనికి రేడియోలు కూడా తోడయ్యాయి, వాల్వుల లోపల తీగల్ని పట్టి నిలిపే బిళ్ళలు మైకావే. మన దేశపు మైకా కోసం బ్రిటన్, అమెరికా కలిసి ఒక కొనుగోలు మిషన్ పెట్టాయంటే దాని అవసరం అర్థం చేసుకోవచ్చు. యుద్ధం అయ్యాక, 1946లో, మైకా గని కార్మికుల సంక్షేమ నిధికి ఒక చట్టం వచ్చింది. ఎగుమతి మీద చిన్న సుంకం వేసి ఆ డబ్బుతో ఆసుపత్రులు, బడులు. నెల్లూరు జిల్లాలో కలిచేడు ఆసుపత్రి దాంతో నడిచినదే. వస్తువు అవసరం సీమకి ముందే తెలిసింది, మనుషుల అవసరం చట్టానికి తర్వాత తెలిసింది.

జేజి తొంభైకి దగ్గరగా బతికింది. ఆఖరి రోజుల్లో రేషన్ షాపులో వేలిముద్ర మిషను వచ్చాక ఆవిడ వేలు ఎన్నిసార్లు పెట్టినా మిషను తీసుకునేది కాదు. డీలరు విసుక్కునేవాడు. ముసలివాళ్ళకి మామూలే అన్నారు అందరూ. మామూలే అయ్యుండొచ్చు. అమ్మ మాత్రం "ముప్పై ఏళ్ళు మైకా రుద్దిన వేళ్ళు కదా" అంటుంది.

ఇప్పుడు క్యారీకి వద్దాం. మా ఇంటినుంచి పడమటికి నాలుగు గంటలు పోతే బ్లూరిడ్జ్ కొండల్లో స్ప్రూస్ పైన్ అనే చిన్న ఊరుంది, మిచెల్ కౌంటీ. 2022లో ఆకులు రంగులు మారే రోజుల్లో అటు వెళ్ళాం. పార్క్‌వే మీద 331వ మైలు దగ్గర నార్త్ కరోలైనా ఖనిజాల మ్యూజియం ఉంటే పిల్లల కోసం ఆగాం. అక్కడ మైకా దిమ్మ చూసి మా ఆవిడ "ఇది మీ ఊరి రాయి కదూ" అంది. మా ఊరిదే అన్నట్టుంది. అమెరికాలో రేకు మైకాకి పెద్ద నెలవు ఈ కొండలే. యూరోపువాళ్ళు రాకముందే ఇక్కడి జనం తవ్వేవారు. రెండు వేల ఏళ్ళ కిందటి ఒహాయో సమాధి దిబ్బల్లో మైకా రేకుని కత్తిరించి చేసిన మనిషి చెయ్యి బొమ్మ దొరికింది, ఆ మైకా ఈ కొండలదే అంటారు. అంతర్యుద్ధం తర్వాత పొయ్యిలకి కిటికీలు పెట్టడం కోసం గనులు మొదలయ్యాయి, కరెంటు వచ్చాక గిరాకీ మారింది.

ఇక్కడ కూడా తవ్వేది మగవాళ్ళు, చీల్చి కత్తిరించేది ఆడవాళ్ళు. ఆ షెడ్లని ఇక్కడ మైకా ఇళ్ళు అనేవారు. 1942లో సముద్రం మీద ఓడలు మునుగుతుంటే ఇండియా సరుకు వస్తుందో రాదో అని అమెరికా ప్రభుత్వం కలోనియల్ మైకా కార్పొరేషన్‌ని పెట్టి ఈ ఊళ్ళలో దొరికిన రేకల్లా కొన్నది. స్ప్రూస్ పైన్‌లో ఒకామె, గూడూరు దగ్గర ఒకామె, ఒకే రాయిని ఒకే రకంగా చీలుస్తూ, ఒకరున్నారని ఇంకొకరికి తెలియకుండా. తేడా ధరలో ఉంది. యుద్ధం అయ్యాక స్ప్రూస్ పైన్ మైకా ఇండియా మైకా ముందు నిలవలేకపోయింది. రాయిలో తేడా లేదు, చీల్చిన కూలిలో ఉంది. 1952లో ప్రభుత్వం మళ్ళీ స్ప్రూస్ పైన్‌లో కొనుగోలు డిపో పెట్టి, ప్రపంచ ధరకన్నా బాగా ఎక్కువ ఇచ్చి నిల్వ చేసింది. 1962లో కొనడం ఆపేసింది. దాంతో ఇక్కడ రేకు మైకా గనులు మూతబడ్డాయి. అంటే ఇక్కడి ఆడవాళ్ళ పని పోగొట్టిన చౌక కూలి మా జేజిది. ఈ వాక్యం రాయడానికి నాకు కొంచెం టైము పట్టింది. ఆవిడకి అందులో లాభం ఏమీ రాలేదు కాబట్టి దాన్ని పోటీ అనడానికి నాకు మనసొప్పదు.

స్ప్రూస్ పైన్ కొండల్లో మైకాతో కలిసే ఉండే తెల్లరాయి, క్వార్ట్జ్, ఇప్పుడు ఆ ఊరికి అన్నం పెడుతోంది. ప్రపంచంలోకెల్లా శుద్ధమైన క్వార్ట్జ్ అది. చిప్పుల కోసం సిలికాన్ కరిగించే మూసలు దాంతోనే చేస్తారు. హెలీన్ తుపానుకి ఆ గనులు మునిగి ఆగిపోతే నేను పనిచేసే రంగమంతా వారం పది రోజులు ఆ ఊరి పేరే తలుచుకుంది. మా టీమ్ మీటింగులో కూడా ఎవరో అన్నారు, స్ప్రూస్ పైన్ అనే ఊరుందట, దానిమీదే అంతా ఆధారపడి ఉందట అని.

గూడూరు వైపు షెడ్లు మెల్లగా ఖాళీ అయ్యాయి. ప్లగ్గుల్లోకి పింగాణీ ఎప్పుడో వచ్చేసింది. వాల్వు రేడియో పోయి ట్రాన్సిస్టర్ వచ్చింది. కండెన్సర్లోకి ప్లాస్టిక్ ఫిల్మ్, కాయిల్‌లోకి ఎపాక్సీ వచ్చాయి. నేను కోసిన కాయిల్‌లో మైకా పొర ఒక్కటి కూడా లేదు, వెతికాను.

జేజి 1986లో షెడ్డు మానేసింది. ఆఖరి కూలితోపాటు మేస్త్రీ ఓ చిన్న మూట పొడి ఇచ్చాడట, ఎందుకూ పనికిరాని రద్దు. ఆ ఏడాదీ, ఆ తర్వాత ఇంకో రెండేళ్ళూ సంక్రాంతికి మా వాకిట్లో ముగ్గు మెరిసేదని అమ్మ చెప్పింది.